మన్యం మీద మోపిన లెక్క

విశాఖ మన్యం గంజాయి గురించి రెండు మాటలు తరచూ వింటున్నాం. కష్టపడకుండా డబ్బు వస్తుందని గిరిజనుడు గంజాయి వేస్తున్నాడనేది ఒకటి. పోలీసులు తోటలు నరికి తగలబెట్టారు కాబట్టి పీడ విరగడైందనేది రెండోది. మొదటిది నింద, రెండోది ఘనత. రెండూ తప్పే. మొక్క ఎక్కడ మొలిచిందో చూసి, దాన్ని ఎవరు మొలిపించారో చూడకపోవడం వల్లే ఈ రెండు తప్పులూ పుట్టాయి.

ముందు నింద సంగతి. 2021 అక్టోబరు చివర మొదలైన ‘ఆపరేషన్ పరివర్తన’లో చింతపల్లి, గూడెం కొత్తవీధి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు తదితర మండలాల్లో సుమారు 7,500 ఎకరాల గంజాయిని ధ్వంసం చేశామని, దాని విలువ 9,200 కోట్ల రూపాయల పైమాటేనని పోలీసులు ప్రకటించారు. ఆ అంకెను భాగించి చూడండి. ఎకరాకు కోటీ ఇరవై లక్షలు. ఎకరాకు కోటి పండించిన మనుషుల ఊళ్ళలో నిండు గర్భిణిని ఇంకా డోలీ కట్టి ఎందుకు మోస్తున్నారు? కొండ మీద రైతు చేతికి వచ్చే డబ్బు కాదది. ఆ కోట్లకూ గూడెంలో మిగిలేదానికీ మధ్య ఉన్న తేడా అంతా ఎవరి జేబులోకి పోతోందో అడగకుండా ‘గిరిజనుల అత్యాశ’ అనేయడం అన్యాయం.

ఇది గిరిజనుల సంప్రదాయ పంట అనేవాళ్ళూ ఉన్నారు. హిమాచల్‌లో, కులూ లోయలో గంజాయి మొక్క దానంతటదే మొలుస్తుంది. దాని పూతను అరచేతుల్లో నలిపి చరస్ తీయడం అక్కడ పాత అలవాటు. మన్యంలో అలా కాదు, పోడు మీద పండింది రాగి, సామ, కొర్ర, వలిసెలు. గంజాయి తోట తీరే వేరు. మగ మొక్కను పూతకు ముందే గుర్తుపట్టి పీకేయాలి, లేకపోతే ఆడ మొక్క గింజ పట్టి సరుకు ధర పడిపోతుంది. ఈ మెలకువ పోడు సేద్యంలోది కాదు. విత్తనంతో, ముందస్తు సొమ్ముతో పాటు బయటి వ్యాపారి కొండెక్కించినది.

ఆ వ్యాపారి ఎక్కడివాడో తెలిస్తే ఘనత సంగతి కూడా తేలుతుంది. ఒకప్పుడు గంజాయికి పేరుమోసింది కేరళలోని ఇడుక్కి. అక్కడ దాడులు ముమ్మరమై తోటలు తగ్గాయి. తాగేవాళ్ళు తగ్గలేదు, పెట్టుబడి తగ్గలేదు. ఆ పెట్టుబడి ఆంధ్రా–ఒడిశా సరిహద్దుకు తిరిగింది. ఇప్పుడు కేరళలో పట్టుబడే గంజాయిలో పెద్ద వాటా ఈ కొండలదే. మన దగ్గర నరికాక అదే కథ మరో మజిలీకి వెళ్ళింది. మాచ్‌ఖండ్–సీలేరు నది అవతల మల్కనగిరి, కోరాపుట్ జిల్లాల్లో తోటలు, ఇవతల నర్సీపట్నం, అనకాపల్లి దారుల్లో లారీలు. సరుకు ఒడిశాది, మేం దారి మాత్రమేనని మన అధికారులు చెప్పుకోవడం నిజమే కావచ్చు. అది విజయం ఎలా అవుతుంది? నదికి అటూ ఇటూ ఉన్నవి అవే కొండలు, అవే బంధుత్వాలు.

మావోయిస్టులు పోతే, రోడ్లు పడితే గంజాయి పోతుందనే వాదనకూ సరిహద్దే జవాబిచ్చింది. మల్కనగిరి జిల్లాలో బలిమెల జలాశయం నీళ్ళు చుట్టుముట్టి దశాబ్దాల పాటు తెగిపోయి ఉన్న ఊళ్ళకు 2018లో గురుప్రియ వంతెన వచ్చింది. ఆ తర్వాత కూడా ఒడిశా బలగాలు అక్కడ తోటలు నరుకుతూనే ఉన్నాయి. రోడ్డు అవసరమే. అయితే ఆ రోడ్డు మీద ముందు ఎవరి బండి వస్తుందన్నదే ప్రశ్న.

గంజాయి వ్యాపారి గడప దగ్గరికి వచ్చి పంటకు ముందే డబ్బిస్తాడు. తొలకరికి వేసింది సంక్రాంతి అటూ ఇటుగా కోతకొస్తుంది. దానికి బదులు మనం చూపించేది కాఫీ. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, గర్వించాల్సిందే. కానీ కాఫీ మొక్క చెప్పుకోదగ్గ కాపుకు రావడానికి మూడు, నాలుగేళ్ళు పడుతుంది, దానికన్నా ముందు నీడ చెట్టు ఎదగాలి. దాని మీద మిరియం పాకాలి. ఈలోగా ఆ ఇల్లు ఏం తినాలి? రాజ్‌మా నెలల్లో చేతికొస్తుంది గానీ, సంతలో దళారి చెప్పిందే ధర. ఇలాంటి చోట నిలబడడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. తోట నరికిన వారంలోనే ఆ సంస్థ విత్తనంతో, కొనుగోలు హామీతో, చేతికి అడ్వాన్సుతో ఆ గూడెంలో కనిపించాలి. నరికేవాళ్ళు వెళ్ళి, కొనేవాళ్ళు రాకపోతే పాత వ్యాపారే తిరిగొస్తాడు.

తోటలు నరకొద్దని నేననడం లేదు. కొన్ని గ్రామాల్లో గిరిజనులే ముందుకొచ్చి నరికారు. మన పట్టణాల్లో కుర్రాళ్ళు గంజాయికి బలైపోతున్నారు, ఆ బాధ తల్లిదండ్రులకు తెలుసు. కానీ శిక్ష ఎవరికి పడుతోంది? 20 కిలోలు దాటిన సరుకుతో దొరికితే పదేళ్ళ నుంచి ఇరవయ్యేళ్ళు, బెయిలు గగనం. మూట మోసిన కుర్రాడు ఆ లెక్కలోకి ఇట్టే వస్తాడు. ఈ శిక్ష వేసే 1985 మాదకద్రవ్యాల చట్టంలోనే 27ఏ సెక్షన్ ఉంది. అక్రమ రవాణాకు డబ్బు పెట్టినవాడికీ అదే శిక్ష. ఆస్తుల జప్తుకు వేరే అధ్యాయమే ఉంది. చట్టం చేతులు కట్టేసి లేవు.

కాబట్టి రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరేది ఇది. ఇకముందు ఎకరాల లెక్క పక్కనే మరో మూడు లెక్కలు ప్రచురించండి: 27ఏ కింద ఎందరికి శిక్ష పడింది, పెట్టుబడిదారుల ఆస్తి ఎంత జప్తయింది, తోట పోయిన కుటుంబాల్లో ఎన్నింటికి ఆ ఏడాదే వేరే పంట డబ్బు అందింది. ఒడిశాతో కలిసి రెండు వైపులా ఒకే లెక్క వేయండి. అవి బయటపెట్టేదాకా, గంజాయిని నిర్మూలించామన్న ప్రకటనను పత్రికలు అచ్చువేయకూడదు.