ఆగడం వేరు, ఆగిపోవడం వేరు



కాలేజీ మధ్యలో ఆపి పనికి వెళ్లినవాణ్ణి చూసి 'వాడి చదువు అటకెక్కింది' అంటారు. హాస్టల్ పిల్లల విషయంలో ఆ మాట మరీ తొందరగా అనేస్తారు. అలా వెళ్లిన మనవాళ్లలో తిరిగి రానివాళ్లు ఎక్కువ కాబట్టి అనేవాళ్లనూ తప్పుపట్టలేం. కానీ వెళ్లడమే తప్పని నేను ఒప్పుకోను.

2003లో బి.ఎస్సీ. రెండో సంవత్సరం సగంలో నేనూ వెళ్లాను. నాన్నకు జబ్బు, ఇంట్లో అప్పు. పైగా ఆ గ్రూపు ఎందుకు తీసుకున్నానో నాకే తెలియదు. స్నేహితులు తీసుకున్నారని తీసుకున్నాను. ట్రంకు పెట్టె సర్దుకుని విజయవాడ ఆటోనగర్‌లో మోటార్ల వైండింగ్ షాపులో చేరాను. కాలిపోయిన మోటారు విప్పి, చుట్లు లెక్కపెట్టి, కొత్త రాగితీగ చుట్టడం పని. క్లాసులో తలకెక్కని ఫిజిక్స్ అక్కడ చేతికెక్కింది. నాకు ఇష్టమైన పని ఇదేనని 14 నెలల్లో తేలిపోయింది. దీన్ని పద్ధతిగా చదవాలనిపించింది.

తిరిగి వెళ్తే దారి మూసుకుపోయి ఉంది. వెళ్లేటప్పుడు ఎవరికీ అర్జీ ఇవ్వలేదు. హాజరు లేక స్కాలర్‌షిప్ ఆగింది, హాస్టల్ సీటు పోయింది. కూలి డబ్బులతో పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా మొదటి నుంచి చదివాను. పని నేర్చిన 14 నెలలు వృథా కాలేదు. చెప్పకుండా వెళ్లినందుకు అంతకుముందు చదివిన ఏడాదిన్నర వృథా అయింది.

మన హాస్టల్ గోడ మీద పటంలో ఉన్న అంబేద్కర్ కూడా చదువు మధ్యలో ఆపినవారే. బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ గడువు తీరడంతో 1917లో లండన్ నుంచి తిరిగొచ్చారు. అయితే నాలుగేళ్లలోపు మళ్లీ చేరడానికి అనుమతి తీసుకునే బయలుదేరారు. 1918 నుంచి 1920 దాకా బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టారు. 1920లో మళ్లీ లండన్ వెళ్లి 1923లో డి.ఎస్సీ. సాధించారు. మనం నేర్చుకోవలసింది ఆ ముందుచూపునే.

ఇప్పుడు మీకు మాకంటే వెసులుబాటు ఉంది. 2020 జాతీయ విద్యావిధానం డిగ్రీ మధ్యలో ఆగి మళ్లీ చేరడాన్ని ఒప్పుకుంది. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో సంపాదించిన క్రెడిట్లు ఏడేళ్ల వరకు చెల్లుతాయి. కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే చెప్పింది. మీ యూనివర్సిటీ దీన్ని ఎలా అమలు చేస్తోందో ఆఫీసులో అడగండి. స్కాలర్‌షిప్ ఏమవుతుందో కూడా ముందే తెలుసుకోండి. ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టి నకలు దగ్గర ఉంచుకోండి. తిరిగి చేరే నెల ఏదో ఇంట్లో చెప్పి వెళ్లండి. జీతంలో కొంత ఫీజు కోసం విడిగా దాచండి.

'ఇంట్లో పొయ్యి వెలగనివాడికి అర్జీలు గుర్తుంటాయా అన్నా?' అని మీరడగవచ్చు. నిజమే, నాకూ గుర్తులేదు. అందుకే పూర్వ విద్యార్థులకు నాదొక విన్నపం. మధ్యలో వెళ్లిన ప్రతి తమ్ముడి పేరు, ఫోన్ నంబరు ఒక పుస్తకంలో రాయిద్దాం. ఆర్నెల్లకోసారి మనలో ఒకరు ఫోన్ చేసి 'ఎప్పుడొస్తున్నావురా?' అని అడుగుదాం. ఆ రోజుల్లో నన్ను అలా అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.