రాఘవ ఫోటోకు దండ వేసి మనం చేసిన పని

ఇది పొడుగు పోస్టు. నైట్ షిఫ్టు చేసి వచ్చినవాళ్ళు పడుకుని లేచాక చదవండి. కానీ ఆదివారం జనరల్ బాడీకి వచ్చేలోపల చదవండి.

పోయిన ఉగాదికి మన స్టేజీ మీద బళ్ళారి రాఘవ ఫోటో పెట్టాం. దండ వేశాం, దీపం వెలిగించాం. పెద్దలు ఇద్దరు మాట్లాడారు. తర్వాత అరగంట నాటకం. అందులో రైతు భార్య వేషానికి మన కాలనీ అమ్మాయి ఒకతె మూడు వారాలు రిహార్సలు చేసింది. మాటలన్నీ కంఠతా వచ్చేశాయి. ముందు రోజు సాయంత్రం కమిటీలో ఒక గుసగుస మొదలైంది. 'మన ఆడపిల్లలు అందరి ముందూ వేషం కట్టడమేంది, రేపు మాట వస్తే ఎవరు చూసుకుంటారు' అని. తెల్లారేసరికి ఒక కుర్రాడికి చీర చుట్టారు. వాడు నడుస్తుంటే జనం ఈలలు వేశారు. అందరం నవ్వాం. ఈ పోస్టు రాస్తున్న మేమూ నవ్వాం, దాచుకోవడం ఎందుకు. ఆ అమ్మాయి వెనక వరసలో వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఉంది.

ఆ ఫోటోలో ఉన్న మనిషి జీవితంలో సగం ఈ పని మీదే కొట్లాడారు. ఆడవేషం ఆడవాళ్ళే వెయ్యాలని. మగవాళ్ళు ఆడవేషాలు కట్టడమే గొప్ప కళగా చెలామణి అయ్యే రోజులవి. స్థానం నరసింహారావు గారిలాంటి మహానటుడు ఉన్న కాలం. స్థానం వారి గొప్పతనం గురించి మాకు పేచీ లేదు. కానీ రాఘవ ఒప్పుకోలేదు. చదువుకున్న ఇళ్ళ ఆడవాళ్ళను నాటకంలోకి రమ్మని పిలిచారు. కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని ఆయన పక్కన స్టేజీ మీద నటించారు. అప్పుడూ మాటలు వచ్చాయి. పడినవాళ్ళు పడ్డారు, నాటకం మాత్రం ఆగలేదు.

మరి ఈ ఏడు ఉగాది బడ్జెట్టు మాట. మన గ్రూపులో ఒక అన్న రాసింది ఇది: 'రాఘవ చేసింది మూడు సినిమాలు, అవీ ఆడలేదు. ఈ తరంలో ఆయన ఎవరికి తెలుసు? ఆ డబ్బుతో టీవీ కామెడీ వాళ్ళను పిలిస్తే గ్రౌండు నిండుతుంది.' దానికి నలభై మంది బొటనవేలు ఎత్తారు. గ్రౌండు నిండుతుంది, నిజమే. మిగతాదానికి జవాబు చెప్పాలి.

మూడు సినిమాలు అన్నది నిజం. మొదటిది 1936లో 'ద్రౌపదీ మానసంరక్షణం'. దుర్యోధనుడు ఆయన. ఖర్మకొద్దీ అదే ఏడాది అదే కథతో 'ద్రౌపదీ వస్త్రాపహరణం' పోటీకి వచ్చింది. అందులో కన్నాంబ ద్రౌపది. పోటీలో రాఘవ సినిమా ఓడిపోయింది. అప్పటికి ఆయన వయసు 56. ఆ వయసులో మనలో చాలామంది వీఆర్‌ఎస్ లెక్కలు వేసుకుంటుంటారు. ఆయన కొత్తగా కెమెరా ముందు నిలబడ్డారు.

రెండోది 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతుబిడ్డ'. దీని దగ్గర కాస్త ఆగుదాం. రాఘవ అందులో నర్సిరెడ్డి అనే రైతు. జమీందారుకు తల వంచని రైతు. రాజుల వేషాలతో పేరు తెచ్చుకున్న నటుడు, కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటరుగా పనిచేసిన వకీలు, అప్పుల్లో మునిగిన రైతు వేషం ఒప్పుకున్నారు. సినిమా బయటికి రాగానే జమీందార్లు మండిపడ్డారు. కొన్నిచోట్ల నిషేధం పెట్టించారు. (వింత ఏమంటే, ఆ సినిమా తీసిన సారథి సంస్థ వెనక ఉన్నది చల్లపల్లి జమీందారే.) 'ఆడలేదు' అని ఒక్క ముక్కలో కొట్టేసే ముందు, ఆడనివ్వనిది ఎవరో కూడా అడగాలి కదా అన్నా. మూడోది 1940లో వచ్చిన 'చండిక'. దాని గురించి చెప్పుకోవడానికి మా దగ్గర పెద్దగా లేదు.

సినిమాలో హీరో ఒక్కడే కనబడడం మనకు పట్టిన జబ్బు. హాలీవుడ్డు వాళ్ళు కూడా సహాయ నటులకు ఆస్కారు ఇవ్వడం మొదలుపెట్టింది 1936 సినిమాలతోనే. వాల్టర్ బ్రెన్నన్ అనే ఆయనకు వచ్చింది మొదటిది. 'రైతుబిడ్డ' వచ్చిన 1939లోనే థామస్ మిచెల్ ఐదు పెద్ద సినిమాల్లో నటించాడు. తాగుబోతు డాక్టరుగా, హీరోయిన్ తండ్రిగా, అలాంటివే. ఒక్కదాంట్లోనూ హీరో కాడు. వాళ్ళు అలాంటి నటులను తలుచుకుంటూ పుస్తకాలు రాసుకుంటారు. మనం ఎన్ని సినిమాలు, ఎన్ని రోజులు అని లెక్క కడతాం.

పైగా రాఘవను సినిమాలతో తూచడమే తప్పు. ఆయన పుట్టి పెరిగింది నాటకంలో. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో వకీలు, సరస వినోదిని సభ పెట్టినవారు. ఆంధ్ర నాటక పితామహుడన్న బిరుదు ఆయనదే. అదే బళ్ళారిలో ఇంకో వకీలు కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిపించారు. ఆయన 'రామరాజు చరిత్ర' రాశారు, విజయనగరం కూలిపోయిన కథ. అందులో రాఘవ పఠాన్ రుస్తుం. ఆ నాటకంలోని హంపి మన గేటు ముందు నుంచి బస్సెక్కితే పోయేంత దూరంలో ఉంది. రాగాలు తీస్తూ పద్యం పాడి వన్స్‌మోర్ కొట్టించుకోవడమే నటన అనుకునే కాలంలో ఈయన మాటనీ ముఖాన్నీ నమ్ముకున్నారు. తెలుగు, కన్నడ, హిందీ, ఇంగ్లీషు భాషల్లో నటించారు.

1927లో గాంధీ ఆయన 'దీనబంధు కబీర్' చూశారు, ఇంగ్లండులో బెర్నార్డ్ షాను కలిశారు అని ప్రతి ఆగస్టు 2న ఫార్వర్డులు తిప్పుతాం. బయటి పెద్దలు చూస్తే తప్ప మన మనిషి విలువ మనకు తెలియదా?

ఇంకో గొడవ కూడా ఇక్కడే తేల్చుకుందాం. ఆయన మావాడని కన్నడ మిత్రులు, కాదు మావాడని మనం. ఆయన 1880లో తాడిపత్రిలో పుట్టారు. అప్పటికి అనంతపురం జిల్లాయే లేదు. 1882లో బళ్ళారి జిల్లా నుంచే దాన్ని చీల్చారు. ఆయన పోయింది 1946లో. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో కలిసింది 1953లో. ఆయన బతికినన్నాళ్ళూ ఈ గీతే లేదు. బళ్ళారిలో రాఘవ కళామందిరం ఉంది, మనకు 30 కిలోమీటర్లు. మన సంఘంలో ఎంతమంది దాని లోపలికి వెళ్ళారో ఆదివారం చేతులెత్తించి చూద్దాం.

కాబట్టి మేము పెడుతున్న తీర్మానం ఇది. ఉగాది బడ్జెట్టులో సగం నాటకానికి. ఒక నాటకం తెలుగులో, ఒకటి కన్నడలో. పక్క వీధి కన్నడ సంఘాన్ని అడిగాం, ఊఁ అన్నారు. టీవీ వాళ్ళను పిలవొద్దని మేము అనడం లేదు, మిగిలిన సగంతో పిలుచుకోండి. ఆడవేషాలు ఆడవాళ్ళవే. ఇది ఒప్పుకోకపోతే ఈసారి ఆ ఫోటో పెట్టొద్దు. స్టేజీ వెనక గదిలోనే ఉండనివ్వండి.

ఆ అమ్మాయి ఇంటికి పోయిన వారం మేమే వెళ్ళాం. తప్పయిందని చెప్పాం. వాళ్ళ నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'మళ్ళీ ముందు రోజు ఆపరు కదా?' అని అడిగారు. కమిటీని అడిగి చెబుతామన్నాం. ఆదివారం 10 గంటలకు మీటింగు.