కొల్లేటి చెంతనే ఉన్నా పుస్తకాల్లోనే పర్యావరణం

ఏలూరు: డిగ్రీ విద్యార్థులందరూ పర్యావరణ అధ్యయనం చదివి తీరాలన్న నిబంధనకు మూలం ఎం.సి.మెహతా వ్యాజ్యంలో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. అమలుకు పుష్కరకాలం పట్టింది. 2003లో యూజీసీ రూపొందించిన ఆరు నెలల పాఠ్యప్రణాళికలో 50 తరగతులు, 100 మార్కులు. అందులో 25 క్షేత్ర పరిశీలనకే.

చిక్కంతా ఆ 25 మార్కుల దగ్గరే. ప్రత్యేక అధ్యాపకులు లేనిచోట వృక్షశాస్త్రం వారో, రసాయనశాస్త్రం వారో తమ తరగతుల నడుమ దీన్ని కానిచ్చేస్తుంటారు. బస్సు ఖర్చు ఎవరు భరించాలో తేలదు. గైడు చూసి రాసిన రికార్డే క్షేత్ర పరిశీలన అవుతుంది. మార్కులకు మాత్రం లోటుండదు.

ఈ జిల్లాలో ఆ సాకు చెల్లదు. కొల్లేరు పక్కనే ఉంది. అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు 1999లో వన్యప్రాణి అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట అక్రమ చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ చెరువులపై బతికిన కుటుంబాల పిల్లలూ, ముంపునకు పంట పోగొట్టుకున్న రైతుల పిల్లలూ ఒకే బెంచీపై కూర్చునే ప్రాంతమిది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరద ఉప్పుటేరులోకి దిగక ఎందుకు ఎగదన్నుతుందో గట్టుమీద నిలబడితే తెలుస్తుంది. గైడులో ఆ సంగతి ఉండదు.

2023 మార్గదర్శకాల్లో యూజీసీ దీనికి 4 క్రెడిట్లు కేటాయించింది. ఆటపాక పక్షుల కేంద్రం దాకా వెళ్లే బస్సు ఖర్చును మాత్రం కళాశాలలే తేల్చుకోవాలి.