కడప బండలో దొరకని తాబేలు

మత్స్య, కూర్మ, వరాహ, నారసింహ, వామనావతారాల వరుసలోనే జీవపరిణామం చెప్పి ఉందని, డార్విన్ 1859లో కొత్తగా కనిపెట్టిందేమీ లేదని అనే మాట తెలుగునాట ఎంతగా పాతుకుపోయిందంటే, హైదరాబాద్‌లోని కొండాపూర్ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల కాలనీల్లో కూడా దాన్ని కాదనేవారి కంటే ఔననేవారే సులువుగా దొరుకుతారు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి జి. నాగేశ్వరరావు డార్విన్ సిద్ధాంతం కంటే దశావతారాలే మెరుగని చెప్పడంతో ఆ మాటకు పీఠం కూడా దొరికింది. అంతకు ఏడాది ముందు కేంద్ర మంత్రి సత్యపాల్ సింగ్ కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదన్నది సూటి తిరస్కారం కనుక దాన్ని పోల్చుకోవడం తేలిక. దశావతార వాదం మాత్రం డార్విన్‌ను ఒప్పుకుంటున్నట్టే కనబడుతూ ఆయన చెప్పిన అసలు సంగతిని పక్కకు నెడుతుంది.

ఈ వాదం ముందుగా పురాణం దగ్గరే నిలవదు. భాగవతం ప్రథమ స్కంధంలోని అవతారాల పట్టికలో వరాహం రెండవది, మత్స్యం పదవది, కూర్మం పదకొండవది. పరిణామక్రమం చెప్పడమే ఆ గ్రంథం ఉద్దేశమైతే చేప కంటే పంది ముందు పుట్టిందని ఒప్పుకోవలసి వస్తుంది. అవతరించడమంటే దిగిరావడం, ఎప్పుడూ ఉన్న పరమాత్మ అవసరాన్ని బట్టి ఒక రూపం ధరించి దిగివస్తాడన్న భక్తిభావనలో, చేప సంతతి నుంచి తాబేలు వచ్చిందన్న ప్రసక్తే లేదు. అవతారాలనూ పరిణామాన్నీ జతచేసి 1877లో అచ్చువేసినది ఏ పౌరాణికుడూ కాదు, దివ్యజ్ఞాన సమాజ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ. అప్పటికి డార్విన్ గ్రంథం వెలువడి 18 ఏళ్లయింది. వ్యాసుడూ పోతనా అనని మాటను వారి నోట పెట్టడం ఏ రకం భక్తో ఆ వాదులే చెప్పాలి.

అసలు వరుస చెప్పడంలో డార్విన్ గొప్పతనం లేదు; జీవులు మారతాయన్న ఊహ ఆయనకు ముందే లామార్క్ వంటివారికి ఉంది. ఆ మార్పు ఎలా జరుగుతుందో వివరించిన ప్రకృతివరణమే ఆయన సిద్ధాంతానికి ప్రాణం. ఒకే జాతి జీవుల మధ్య తేడాలుంటాయి, వాటిలో కొన్ని సంతానానికి సంక్రమిస్తాయి, ఉన్న పరిస్థితిలో ఏ తేడా గలవి ఎక్కువ పిల్లలను మిగుల్చుకుంటాయో తర్వాతి తరాల్లో ఆ తేడాయే పెరుగుతుంది. ఇందులో గమ్యం లేదు, పై మెట్టు లేదు. పాత వెర్షన్ పోయి మెరుగైన వెర్షన్ వచ్చినట్టు చేప మనిషిదాకా ఎదిగిందనే ఊహకూ చోటు లేదు.

ఇది ఎవరూ చూడనిదీ కాదు, పత్తి రైతు చూశాడు. మట్టిలోని ఒక బ్యాక్టీరియా నుంచి తీసిన, పురుగును చంపే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువున్న బీటీ పత్తికి దేశంలో 2002లో అనుమతి వచ్చింది. గులాబీ రంగు పురుగుల్లో ఆ విషాన్ని తట్టుకునేవి ఎక్కడో కొన్ని ఉంటాయి. మిగతావన్నీ చస్తే చేనంతా ఆ తట్టుకున్నవాటి సంతానానిదే. 2010 నాటికి గుజరాత్‌లో అలాంటి పురుగులు బయటపడ్డాయి, రెండు జన్యువులతో 2006లో వచ్చిన బోల్‌గార్డ్-2 కూడా పదేళ్లు తిరిగేసరికి వాటి ముందు చేతులెత్తేసింది, తెలుగు రాష్ట్రాల చేలల్లో విచ్చుకోని గుడ్డిపూలు, లోపల గింజ తిన్న కాయలు మళ్లీ కనబడ్డాయి. ఇంతకంటే గమనించదగినది విత్తనాల ప్యాకెట్. 450 గ్రాముల బీటీ విత్తనాలకు తోడుగా 120 గ్రాముల నాన్‌బీటీ విత్తనాలిచ్చి చేను చుట్టూ వేయమనేవారు, ఎందుకంటే ఆ మొక్కల మీద బతికిన మామూలు పురుగులు తట్టుకునే పురుగులతో జతకట్టి ఆ గుణాన్ని పలచన చేస్తాయి. ప్రకృతివరణాన్ని లెక్కలోకి తీసుకుని కట్టిన ఆ చిన్న పొట్లాన్ని చాలామంది రైతులు వేయకుండా వదిలేశారు. అది ఎందుకో వారికి విడమరిచి చెప్పినవారు తక్కువ. అవతారాల వరుసను ఎంత తిరగేసినా అలాంటి పొట్లం ఒక్కటీ కట్టలేరు.

ఇక శిలాజాలు. కొండాపూర్ పేరులోని కొండ చాలావరకు అపార్ట్‌మెంట్ల కిందికి పోయింది గానీ, మిగిలిన గ్రానైట్ గుండ్లు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. శిలాద్రవం చల్లారి గట్టిపడిన రాయి కనుక అందులో శిలాజాలు వెతకడం వృథా. వంటింటి అరలకు వేసే నల్లని కడప బండ సంగతి వేరు. అది సముద్రం అడుగున పొరలుపొరలుగా పేరుకున్న సున్నపురాయి, 54 కోట్ల ఏళ్లకు మునుపటి ప్రీకేంబ్రియన్ కాలానిది. గనిలో పనివారు ఉలితో పొర వెంట చీల్చిన ప్రతి బండా పరిణామ సిద్ధాంతానికి ఒక పరీక్షే. అలా చీల్చిన లెక్కలేనన్ని బండల్లో చేప ముల్లు గానీ తాబేటి చిప్ప గానీ దొరకలేదు. అంతకంటే పాతవైన వేంపల్లె రాళ్లలో కనబడేవి సూక్ష్మజీవుల తెట్టెలు కట్టిన స్ట్రోమటోలైట్లు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి, కోటా అనే రాతిపొరల్లో దొరికిన డైనోసార్ ఎముకలకు 1988లో కోటాసారస్ అని పేరు పెట్టారు. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. కోటా పొరల్లో చేపలున్నాయి, తొలి క్షీరదాల చిన్న పళ్లున్నాయి. పంది లేదు, సింహం లేదు, మనిషి లేడు.

అవతారాల్లో పరిణామం పోలిక జె.బి.ఎస్. హాల్డేన్‌కూ కనబడిందని దశావతార వాదులు ఆయనను సాక్షిగా పిలుస్తుంటారు. పోలిక కనబడడం వేరు, అది సిద్ధాంతం కావడం వేరు. 1924 నుంచి ప్రకృతివరణానికి గణితరూపం ఇచ్చినవారిలో ముఖ్యుడైన హాల్డేన్, పరిణామం తప్పని ఏది రుజువు చేస్తుందని అడిగితే, ప్రీకేంబ్రియన్ పొరలో కుందేలు శిలాజమని జవాబిచ్చినట్టు ప్రసిద్ధి. ఏది దొరికితే తాను ఓడిపోతుందో ముందే చెప్పుకున్న సిద్ధాంతమది. దశావతార వాదానికి అలాంటి కుందేలు లేదు. కోటా పొరల్లోని ఒక తొలి క్షీరదానికి 1981లో హాల్డేన్ పేరు మీదే కోటాథీరియం హాల్డేనీ అని పేరు పెట్టారు. 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడి పౌరుడైన ఆ సాక్షి 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో మరణించినప్పుడు, ఆయన వీలునామా ప్రకారం భౌతికకాయాన్ని విద్యార్థుల అధ్యయనం కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.