ఎనిమిది మందిమి కలిస్తే దాడి అట! (6వ భాగం)



సీతాఫల్‌మండి రైల్వే స్టేషన్ దగ్గర ఒక నెట్ సెంటర్. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి రోజు, రాత్రి 10 గంటలు. లోపల మేం ఎనిమిది మందిమి, బయట మెట్ల మీద ఇంకో ఆరుగురు. అందరి చేతుల్లో కులం, ఆదాయం సర్టిఫికెట్లు. ఫారం సగం నిండిందో లేదో, ఎనిమిది కంప్యూటర్ల మీదా ఒకటే మాట: మీ అడ్రస్ నుంచి రిక్వెస్టులు ఎక్కువయ్యాయి, ఆపేశాం. తార్నాకలో ఇంట్లో సొంత కనెక్షన్ ఉన్న క్లాస్‌మేట్‌కి అదే సైట్‌లో ఐదు నిమిషాల్లో పనైపోయింది.

డినయల్ ఆఫ్ సర్వీస్ దాడి అంటే సర్వర్‌లోకి చొరబడి దోచుకోవడం కాదు. గుమ్మం ముందు దొంగ జనాన్ని నింపి, అసలు జనాన్ని రానివ్వకపోవడం. 2016 అక్టోబర్ 21న డిన్ అనే కంపెనీ మీద ఇలాగే దాడి చేశారు. పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రౌటర్లను మిరాయ్ అనే ప్రోగ్రాంతో లొంగదీసుకొని ఉసిగొల్పారు. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి చాలామందికి అందలేదు. కాబట్టి రక్షణ వద్దని నేననను.

రక్షణ పేరుతో ఎవర్ని ఆపుతున్నారన్నదే నా ప్రశ్న. చవకబారు రక్షణ ఐపీ అడ్రస్‌ను లెక్కపెడుతుంది. నెట్ సెంటర్లో, హాస్టల్ వైఫైలో మనమంతా ఒకే అడ్రస్ వెనక ఉంటాం. మొబైల్ నెట్‌లోనూ ఎందరికో కలిపి ఒకే అడ్రస్ ఇస్తారు. సొంత కనెక్షన్ ఉన్నోడు ఒక మనిషి, మేం ఎనిమిది మందిమి కలిస్తే దాడి! ఒక్కడి పేరు చెప్పి వాడ మొత్తాన్ని వెలేయడం మనకు కొత్తా?

"సర్వర్‌కు కులం తెలియదు కదన్నా" అన్నాడు ఒక ఇంజనీరింగ్ తమ్ముడు. నిజమే, తెలియదు. కానీ ఒక అడ్రస్ అంటే ఒక ఇల్లు అని రాసినవాడికి మన బతుకు తెలియదు. ప్రభుత్వ చెరువులు అందరివీ అని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. అయినా మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగడానికి బాబాసాహెబ్ 1927 మార్చి 20న వేలమందితో నడవాల్సి వచ్చింది. పోర్టల్ కూడా కాగితం మీద అందరిదే.

వేరే దారి లేదా? ఉంది. 1996లో న్యూయార్క్‌లోని పానిక్స్ అనే ఇంటర్నెట్ కంపెనీని సగం తెరిచిన కనెక్షన్లతో ముంచేశారు. అలాంటి దాడికి మందుగా అప్పుడే సిన్ కుకీ వచ్చింది. వచ్చిన ప్రతివాడికీ ముందే కుర్చీ వేయదు. చీటీ పంపుతుంది, చీటీ తిరిగి తెచ్చినవాడికే చోటు. దొంగ అడ్రస్ రాసినోడికి ఆ చీటీ చేరనే చేరదు. వాడ మొత్తాన్ని తరమకుండానే దొంగను ఆపొచ్చన్నమాట.

మనం అడగాల్సినవి ఇవి. లాగిన్ అయ్యాక పరిమితి దరఖాస్తు నంబర్‌కు పెట్టండి, అడ్రస్‌కు కాదు. రద్దీ ఉంటే గేటు మూయకుండా టోకెన్ ఇచ్చి వరసలో నిలబెట్టండి. నోటిఫికేషన్ లాంటి మారని పేజీలను పలుచోట్ల సర్వర్లలో ఉంచండి. సైట్ పడిపోతే గడువు దానంతటదే పెరగాలి, కాగితం దరఖాస్తు కూడా తీసుకోవాలి.

టెక్నాలజీ మన సబ్జెక్టు కాదనే ఉద్యమ మిత్రులకూ, ప్లేస్‌మెంట్ కోసమే నెట్‌వర్క్స్ చదివే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక్క మాట. ఆ రాత్రి మెట్ల మీద కూర్చున్న ఒక చెల్లె వంతు రానేలేదు. ఆ ఏడాది ఆమెకు స్కాలర్‌షిప్ లేదు. ఆ లైన్ రాసిన కుర్చీలో మనవాళ్లు ఒక్కరైనా ఉంటే, ఆఖరి రాత్రి వచ్చే రద్దీ దాడి కాదని, అవసరమని చెప్పేవాళ్లు.

జై భీమ్.