కారు మీది అటక, తాతగారి పుస్తకములు

బెంగుళూరు నగరమున 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు గల స్థలములో ఇల్లు కట్టుకొనువారికి అంగుళమంగుళము విలువైనదే. ఈ నగరమున వాహనముల సంఖ్య కోటిని దాటినది. కనుక కారునకు నేలమీద చోటిచ్చి, దాని నెత్తిన ఇనుప చట్రములతో అటక కట్టి, ఇంటి సామానును పైకెక్కించు పద్ధతి మన కుటుంబములలోను కనబడుచున్నది. అటక మనకు క్రొత్త గాదు. మన పొరుగు కన్నడిగులు దానినే అట్టమందురు. అటకను మేము నిందించుట లేదు. దానిపైకి మనము దేనిని ఎక్కించుచున్నామో, దానిని గూర్చియే మా ఆక్షేపణ.

ఖాళీ పెట్టెలు, పెండ్లికి మాత్రమే దిగు గుండిగలు, దసరా బొమ్మలు పైన ఉండవచ్చును. బొమ్మలకు ఒక గడువు కలదు. నవరాత్రులు రాగానే అవి దిగివచ్చి మెట్లపై కొలువు దీరును. వాని వెనుకకు నెట్టబడిన తాతగారి పుస్తకముల పెట్టెకు ఏ పండుగ కలదు? 1924లో ఆరంభమైన 'భారతి' సంచికలు, మద్రాసు వావిళ్లవారి కావ్యప్రతులు, మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి 'వేమన' ఒకసారి పైకెక్కినచో, మరల దిగునది ఇల్లు మారునప్పుడే. దిగినను పోవునది పాతకాగితముల దుకాణమునకే.

"భద్రముగా ఉండుననియే కదా పైన పెట్టితిమి" అని కొందరందురు. ఇది భద్రత కాదు. కారు షెడ్డున ఒక ప్రక్క తెరపియే. వానకాలపు చెమ్మ లోనికి వచ్చును. రేకుల కప్పైనచో వేసవి వేడియు తోడగును. చెమ్మకు బూజు, చీకటికి పురుగు, గోడ వెంట చెదలు. బండి పొగయు దుమ్మును పైకే పోవును. క్రింద పెట్రోలు, పైన ఎండిన కాగితము: ఇంతకన్న అవివేకపు పొందిక గలదా? బరువు సంగతియు చూడుడు. ఒక అడుగు వరుస పుస్తకములు సుమారు 10 కిలోలు తూగును. 20 అడుగులున్నచో 200 కిలోలు. దుప్పట్ల మూటలకని బిగించిన మరలు ఆ భారమును మోయగలవా?

పరభాషా ప్రాంతమున తెలుగు గ్రంథము నిలువదని నిట్టూర్చువారికి తంజావూరు సమాధానము. నాయకరాజుల కాలపు, మరాఠా ప్రభువుల కాలపు తెలుగు రచనలెన్నో అచ్చటి సరస్వతీమహలు గ్రంథాలయమున నిలిచినవి. అవి నిలిచినది ఎత్తున దాచుటవలన కాదు. వానిని విప్పి, దుమ్ము తుడిచి, పట్టికలు వ్రాసి, చదువరులకు అందించినవారు ఉండుటవలన. 1918లో ఆ భాండారము ప్రజలకు తెరువబడినది. మనమో, తెరచియున్నదానిని మూటగట్టుచున్నాము.

"పిల్లలకు తెలుగు లిపి రాదు, పుస్తకములు హాలులో ఉండి ఏమి ప్రయోజనము?" అనునది చివరి వాదము. ఇది తలక్రిందుల మాట. కంటికి కనబడని లిపిని ఏ బిడ్డ నేర్చును? కన్నడమునకు, ఇంగ్లీషునకు బడి కలదు. వానిని నేర్చుట న్యాయమే. తెలుగునకు మన యిల్లే బడి. పైగా తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. కన్నడము చదువగల పిల్లవానికి తెలుగక్షరములు కొద్దివారముల పని. ఇంత సులువైన దానిని ఈ నగరముననే పోగొట్టుకొనుట మన సోమరితనము గాక మరేమి?

కావున ఈ దసరాకు బొమ్మలను దింపునప్పుడు పుస్తకముల పెట్టెను కూడ దింపుడు. నీడపట్టున గాలికి ఆరనిచ్చి, దుమ్ము దులిపి, హాలులో బిడ్డ చేతికి అందునంత ఎత్తున ఒక్క అర కేటాయింపుడు. చోటు చాలనివారు చదువువారున్న గ్రంథాలయమునకు అప్పగింపుడు. నవరాత్రులు ముగిసిన పిదప బొమ్మలు మరల అటకనెక్కవచ్చును. పుస్తకములు ఎక్కరాదు.