మా గడి ఎక్కడ?

'కార్మికుడికి మతమేమిటి భాయ్? లెక్కలు తీస్తే ఐక్యత చీలిపోదూ?' అంటాడు మా యూనియన్ కామ్రేడ్. యాజమాన్యమూ అచ్చం అదే మాట. బోనసు దగ్గర కొట్టుకునే ఇద్దరికీ మా దగ్గరికొచ్చేసరికి ఎంత దోస్తీ!

బెల్‌ఫాస్ట్ సంగతి వినండి. 1920లో అక్కడి ఓడల కార్ఖానాల నుంచి వేలాది కాథలిక్కుల్ని తోటి ప్రొటెస్టెంట్ కార్మికులే తరిమేశారు. సోషలిస్టు ప్రొటెస్టెంట్లనీ వదల్లేదు. ఏ లెక్కా తీయకముందే చీలిన ఐక్యత అది! మతవివక్ష కూడదంటూ 1976లో చేసిన చట్టం చాలలేదు. 1989 చట్టం యజమాని మెడమీద కూర్చుంది: నీ దగ్గర కాథలిక్కులెందరు, ప్రొటెస్టెంట్లెందరు, ఏటా రాసివ్వు. తేడా ఉంటే దిద్దుకో.

మన దగ్గర? జనాభాలో 13.4 శాతమున్న మేం రైల్వేల్లో 4.5 శాతమేనని 2006లో సచార్ కమిటీ చెబితేగాని తెలీలేదు. వాళ్లలోనూ దాదాపు అందరూ కింది మెట్లమీదే. ఇక పెద్ద లిస్టెడ్ కంపెనీలు ఆడవాళ్లెందరో, వికలాంగులెందరో సెబీకి రాసిస్తున్నాయి. మంచిదే. మతానికి గడి లేదు. రంజాన్ నెలలో ఆఫీసులో ఖర్జూరాలు పంచి, దాన్నే 'డైవర్సిటీ' అంటారు.

జాబితా అంటే నాకూ భయమే. 1984లో ఢిల్లీలో సిక్కుల ఇళ్లు పట్టిచ్చినవి ఓటర్ల జాబితాలే. అందుకే పేర్లొద్దు, అంకెలు చాలు. ఎవరి మతమేదో బయటపెడితే ఉత్తర ఐర్లండ్‌లో నేరం.

యజమానిని తర్వాత అడుగుదాం కామ్రేడ్. మీ కార్యవర్గంలో మేమెందరం?